తుఫానుకు ముందు పది రోజులు

2005 ఆగస్టు చివర్లో హ్యూస్టన్‌లో మా అపార్ట్‌మెంట్ కార్పెట్ మీద కూర్చుని టీవీలో కత్రినా తుఫాను వార్తలు చూస్తూ నేనొక మాట అన్నాను. "ఇంత పెద్ద తుఫాను వస్తోందని చెప్తూనే ఉన్నారుగా, వీళ్ళంతా ముందే వెళ్ళిపోవచ్చుగా?" అమెరికా వచ్చి అప్పటికి రెండేళ్ళు. టీవీలో ఇంటి కప్పుల మీద నిలబడి దుప్పట్లు ఊపుతున్న మనుషులు, ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. ఆ వారం మేం భోజనానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. ఎవరూ కాదనలేదు.

మూడు వారాలు తిరిగాయో లేదో, రీటా అనే ఇంకో తుఫాను మా మీదికే వస్తోందన్నారు. మాకు కారుంది, ట్యాంకు నిండా గ్యాస్ (పెట్రోల్) ఉంది, పర్సులో క్రెడిట్ కార్డుంది, డాలస్‌లో మా ఆడపడుచు ఇల్లుంది. అయినా డెబ్భై మైళ్ళ దూరంలో ఉన్న హంట్స్‌విల్ చేరడానికి పదిహేడు గంటలు పట్టింది. ఏసీ వేస్తే గ్యాస్ అయిపోతుందని అద్దాలు దించుకుని, తడిగుడ్డ మెడ మీద వేసుకుని కూర్చున్నాం. ఆ ఊళ్ళు ఖాళీ చేయడంలోనే టెక్సస్‌లో వందమందికి పైగా చనిపోయారని తర్వాత తెలిసింది. అంత చూశాక కూడా, టీవీ ముందు నేనన్న మాటకీ ఆ పదిహేడు గంటలకీ ఉన్న సంబంధం నా బుర్రకి తట్టలేదు. తట్టేలా చేసింది ఒక నవల, అదీ పన్నెండేళ్ళ తర్వాత.

జెస్మిన్ వార్డ్ రాసిన 'సాల్వేజ్ ది బోన్స్' 2011లో వచ్చింది. అదే ఏడాది నేషనల్ బుక్ అవార్డు అనే అమెరికా సాహిత్య బహుమతి గెలిచింది. 2017లో మరో నవలకి ఆమెకే మళ్ళీ ఆ అవార్డు వచ్చింది. ఫిక్షన్‌లో దాన్ని రెండుసార్లు అందుకున్న మొదటి మహిళ ఆమె. ఆ పేరు నేను మొదటిసారి విన్నది అప్పుడే, నవంబర్‌లో, పని నుంచి ఇంటికొస్తూ కారు రేడియోలో. హ్యూస్టన్‌ని ముంచిన హార్వీ తుఫాను వరద వెళ్ళి మూడు నెలలు. మా వీధిలో ఇంకా తడిసిన షీట్‌రాక్ (ఇళ్ళ గోడలకి వేసే పలకలు) గుట్టలు ఎత్తనేలేదు. కత్రినా గురించి రాసిన రచయిత్రి అనగానే చెవులు రిక్కించాను. కొత్త పుస్తకం కాకుండా ఆ పాతదే కావాలనిపించి, ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో ఆరు డాలర్లకి కొన్నాను. అప్పటినుంచి మూడుసార్లు చదివాను.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. నేను వెటర్నరీ క్లినిక్‌లో టెక్నీషియన్‌ని. రోజూ కుక్కలతోనే పని. ఈ నవలలో సగం కుక్క కథ. అందుకని నేను చదివిన తీరు కొంచెం వేరుగా ఉండొచ్చు.

కథ జరిగేది మిసిసిపీ రాష్ట్రంలో, గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్ర తీరానికి దగ్గర్లో బ్వా సొవాజ్ అనే ఊళ్ళో. ఊరు కల్పితమే, కానీ వార్డ్ పెరిగిన డెలిల్ అనే చిన్న ఊరే దానికి మూలం. కత్రినా అనగానే అందరికీ న్యూ ఓర్లియన్స్, అక్కడ తెగిన గట్లు గుర్తొస్తాయి. మిసిసిపీ తీరం ఎవరికీ గుర్తురాదు. డెలిల్ పక్కనే ఉన్న పాస్ క్రిస్టియన్‌లో ఆ రోజు సముద్రం దాదాపు 28 అడుగుల ఎత్తు లేచింది. మూడంతస్తుల మేడకి కాస్త తక్కువ. అక్కడ గట్లు తెగడం, పంపులు ఆగిపోవడం లాంటివేం లేవు. సముద్రమే నేరుగా ఊళ్ళోకి నడిచొచ్చింది.

చెప్పేది ఎష్ అనే పదిహేనేళ్ళ పిల్ల. తల్లి లేదు. చిన్న తమ్ముడు జూనియర్‌ని ఇంట్లోనే కని, రక్తం ఆగక, ఆస్పత్రికి వెళ్ళి మళ్ళీ రాలేదు. తండ్రి క్లాడ్ తాగుతాడు. పెద్దన్న ర్యాండల్ బాస్కెట్‌బాల్ ఆడతాడు, ఆ ఆటే తనని ఎక్కడికైనా తీసుకెళ్తుందని ఆశ. రెండో అన్న స్కీటాకి లోకమంతా ఒక తెల్ల పిట్‌బుల్ కుక్క. దాని పేరు చైనా. ఇంట్లో ఉన్న ఒక్క ఆడపిల్ల ఎష్. అన్నయ్య ఫ్రెండ్ మ్యానీ మీద మనసు పడింది. కడుపుతో ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. షాపులో ప్రెగ్నెన్సీ టెస్ట్ కొనడానికి డబ్బుల్లేక బట్టల్లో దాచుకుని తెచ్చుకుంటుంది.

పుస్తకంలో పన్నెండు అధ్యాయాలు, రోజుకొకటి. తుఫాను వచ్చేది పదకొండో రోజు. అంటే ముందు పది రోజులు తుఫాను లేదు. పేజీ తర్వాత పేజీ ఎండ, ఉక్క, ఎర్రమట్టి, కోళ్ళు, దోమలు, ఆకలి. మొదటిసారి చదువుతున్నప్పుడు తుఫాను ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే కొంచెం విసుక్కున్నాను కూడా. రెండోసారి చదివినప్పుడే అర్థమైంది, ఈ పుస్తకం ఆ పది రోజుల కోసమే రాశారని.

ఎందుకంటే నా ప్రశ్నకి జవాబు ఆ పది రోజుల్లోనే ఉంది. 'వీళ్ళు ముందే ఎందుకు వెళ్ళిపోలేదు' అన్నవాళ్ళతో వార్డ్ ఎక్కడా వాదన పెట్టుకోదు. ఒక్కో రోజూ తలుపు తెరిచి లోపలికి పిలుస్తుంది. తుఫాను వస్తోందని ఆ ఇంట్లో ముందుగా నమ్మింది ఎవరో తెలుసా? తాగుబోతు తండ్రి. గల్ఫ్‌లో ఇంకా ఏమీ లేనప్పుడే ఆయన సిద్ధం అవడం మొదలుపెడతాడు. పెరట్లో పడున్న పెద్ద గాజు సీసాలు కడిగి నీళ్ళు నింపమంటాడు. అవి కడుగుతుంటే ఒకటి పగిలి ఎష్ అరచెయ్యి తెగుతుంది. కిటికీలకి కొట్టడానికి చెక్కలు కావాలి, కొనడానికి డబ్బుల్లేవు, అందుకని పాత కోళ్ళ గూడు పడగొట్టి ఆ చెక్కలు తీయాలనుకుంటాడు. ఆ పనిలోనే ఆయన చేతి వేళ్ళు పోతాయి. కిటికీలకి చివరికి కొట్టినవి ఒకదానికొకటి సరిపోని ముక్కలు, మధ్యలో సందులు. తిండి అంటే నూడుల్స్ ప్యాకెట్లు, డబ్బాల సరుకు. వీళ్ళు సిద్ధం కాలేదని ఎవరనగలరు? ఉన్నదాంతో సిద్ధమయ్యారు. ఉన్నది అంతే.

నేను చాలాసార్లు వెనక్కి వెళ్ళి చదివే చోటొకటి ఉంది. తుఫాను ముందు ఇంట్లో ఫోను మోగుతుంది. రికార్డు చేసిన మగ గొంతు. ఊరు ఖాళీ చేయడం తప్పనిసరి, ఉండిపోతే ఆ బాధ్యత మాది కాదు, మీకు హెచ్చరిక చేశాం అని చెప్పుకుపోతుంది. ఎష్ వింటుంది. మీరు చచ్చిపోవచ్చు అని అతను నిజంగా అన్నాడో లేదో గానీ తనకి అలాగే వినిపించింది అంటుంది. అర పేజీ కూడా ఉండదు ఆ సీను. వెళ్ళమని చెప్పే గొంతు ఉంది, 'ఎక్కడికి?' అని అడుగుదామంటే అవతల మనిషి లేడు. వేళ్ళు తెగి మంచం మీద ఉన్న తండ్రి, ఏడేళ్ళ పిల్లాడు, ఇప్పుడిప్పుడే ఈనిన కుక్క, ఎవరికీ తెలియని కడుపు. డాలస్‌లో ఆడపడుచు లేదు. ఈ వాక్యం రాస్తుంటే కూడా నాకు సిగ్గేస్తోంది, ఆ రోజు టీవీ ముందు నేనన్న మాట గుర్తొచ్చి.

ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని నా ఉద్యోగంలో కళ్ళారా చూశాను. కత్రినా అప్పుడు చాలా షెల్టర్లలో, రక్షించే పడవల్లో, బస్సుల్లో పెంపుడు జంతువుల్ని రానివ్వలేదు. వాటిని వదిలి రాలేక ఇళ్ళల్లోనే ఉండిపోయినవాళ్ళున్నారు. ఆ దెబ్బతోనే 2006లో పెట్స్ యాక్ట్ అని ఫెడరల్ చట్టం తెచ్చారు. విపత్తు ప్రణాళికల్లో మనుషులతో పాటు పెంపుడు జంతువుల సంగతి కూడా చూడాలని అందులో ఉంది. హార్వీ అప్పుడు హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో జార్జ్ బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌ని షెల్టర్ చేసినప్పుడు కుక్కలతో వచ్చినవాళ్ళని లోపలికి రానిచ్చారు. మా క్లినిక్ కొంచెం ఎత్తు మీద ఉంది, నీళ్ళు రాలేదు. ఆ సోమవారం ఒకాయన నడుం లోతు నీళ్ళల్లోంచి, బట్టల బుట్టలో ముసలి కుక్కని పెట్టుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచొచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. టవల్ ఇస్తే తీసుకోలేదు. ముందు అడిగిందొక్కటే: "అక్కడ దీన్ని రానిస్తారా?" రానిస్తారని చెప్పాకే కూర్చున్నాడు. స్కీటా గురించి చదువుతున్నంతసేపూ నాకు ఆయనే కనిపించాడు.

స్కీటా, చైనాల సంగతికొద్దాం. నవల చైనా కాన్పుతోనే మొదలవుతుంది. షెడ్డులో ఒక్క బల్బు వెలుగులో అది పిల్లల్ని పెడుతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. నేను వందల కాన్పులు చూశాను. ఇంత సరిగ్గా రాసిన కాన్పు ఇంకెక్కడా చదవలేదు. ఆ వాసన, ఆ వణుకు, మొదటి పిల్ల బయటికొచ్చే ముందు తల్లి మొహంలో వచ్చే ఆ దూరం, ఎవరినీ గుర్తుపట్టనట్టు చూసే చూపు, అన్నీ ఉన్నాయి. చూస్తూ నిలబడ్డ ఎష్‌కి తన తల్లి జూనియర్‌ని కన్న రోజు గుర్తొస్తుంది. అంటే మొదటి పేజీల్లోనే ఒక జననంలో ఇంకో మరణం వచ్చి కూర్చుంటుంది. అప్పటికి తన కడుపులో ఏముందో ఆ పిల్లకి ఇంకా తెలియదు.

కుక్కపిల్లలు బతికితే అమ్మి, ఆ డబ్బుతో ర్యాండల్‌ని బాస్కెట్‌బాల్ క్యాంపుకి పంపాలన్నది స్కీటా లెక్క. కానీ పార్వో వస్తుంది. పార్వో అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక మాట: పిల్లకుక్కల పేగుల్ని తినేసే వైరస్ అది. దానికి మందంటూ లేదు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, ఒళ్ళు తనంతట తాను పోరాడేదాకా నిలబెట్టడమే వైద్యం. ఆస్పత్రిలో పెడితే పదింటిలో ఎనిమిదో తొమ్మిదో బతుకుతాయి. పెట్టకపోతే పదింటిలో ఒకటి. బిల్లు వేల డాలర్లలో అవుతుంది. మట్టిలో ఆ వైరస్ నెలల తరబడి చావదు. స్కీటాకి ఇది తెలుసు. డాక్టర్ చెప్పలేదు, డాక్టర్ ముఖం చూసే స్థోమత లేదు. విన్నది, చూసింది కలిపి తెలుసుకున్నాడు. అమ్మమ్మ తాతల పాతింటి నుంచి లినోలియం (నేల మీద వేసే షీటు) పీక్కొచ్చి షెడ్డు నేల మీద పరుస్తాడు, మట్టి తగలకూడదని. పదహారేళ్ళ కుర్రాడు చేసిన ఆ ఒక్క పని చదివి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా క్లినిక్ ఐసొలేషన్ రూమ్‌లో బ్లీచ్‌తో మేం చేసేది కూడా సూత్రం ప్రకారం అదే.

తర్వాత ఒక తెల్లాయన పశువుల కొట్టంలోంచి ఆవులకి వేసే నులిపురుగుల మందు దొంగిలిస్తాడు. ఆవుల మందు కుక్కకి వేయడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు, మోతాదు ఒక గీత అటూ ఇటూ అయితే చాలు. ఆ పేజీల్లో నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. అతన్ని తప్పు పట్టాలో, దగ్గరికి తీసుకోవాలో తేల్చుకోలేకపోయాను. ఆ రెండూ ఒకేసారి అనిపించేలా రాసింది వార్డ్.

ఇక కుక్కల పందెం. ఇది చెప్పకుండా ఈ పుస్తకం ఎవరి చేతిలోనూ పెట్టలేను. ఒక అధ్యాయమంతా అదే. పిల్లలకి పాలిస్తున్న చైనాని, ఆ పిల్లల తండ్రి అయిన కుక్క మీదికి దింపుతారు. అమెరికాలో కుక్కల పందెం ఇవాళ యాభై రాష్ట్రాల్లోనూ పెద్ద నేరం. అలాంటి పందేల్లోంచి పట్టుకొచ్చిన కుక్కలకి నేను కుట్లు వేయడంలో సాయం చేశాను. చెవులుండవు కొన్నింటికి. ఆ అధ్యాయం మొదటిసారి నాలుగు రోజులు చదివాను, రోజుకి కొన్ని పేజీలు. పాలిచ్చే తల్లికి ఎక్కడ దెబ్బ తగులుతుందో ముందే ఊహించాను, అక్కడే తగిలింది. స్కీటా మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. చైనాని అంత ప్రేమించేవాడు ఆ పని ఎలా చేస్తాడన్నది వార్డ్ విప్పి చెప్పదు, అతన్ని వెనకేసుకు రాదు, తిట్టదు. ఆ కుర్రాడి దగ్గర గర్వపడ్డానికి ఇంకేముంది అని ఆలోచించే పని మనకే వదిలేస్తుంది. నేను క్షమించలేదు. కానీ అర్థం కాలేదని మాత్రం అనలేను.

జంతువుల హింస చదవలేనివాళ్ళు ఆ ఎనిమిదో రోజుని దాటేసి తొమ్మిదో రోజుకి వెళ్ళినా కథ అందుతుంది. అలా చదివినా తప్పేం లేదు.

ఈ నవల తల్లుల గురించి అని చాలామంది అంటారు. నిజమే. చైనా తల్లి, ఎష్ తల్లి కాబోతోంది, చనిపోయిన అమ్మ ప్రతి గదిలో ఉంది. చివరికి కత్రినాని కూడా ఎష్ ఒక తల్లిలాగే చూస్తుంది, చంపిన తల్లి, మిగిలినవాళ్ళని బతకనిచ్చిన తల్లి. బడిలో వేసవికి ఇచ్చిన గ్రీకు పురాణాల పుస్తకంలో, జేసన్ అనే వీరుణ్ణి ప్రేమించి అతని చేతిలో మోసపోయిన మీడియా అనే ఆమె కథ చదువుతూ, మ్యానీని జేసన్‌గా, తనని మీడియాగా ఊహించుకుంటుంది. నాకు మాత్రం తల్లి గురించి ఇందులో అన్నిటికన్నా గట్టిగా తగిలింది మీడియా కాదు, జూనియర్. తండ్రి వేళ్ళు తెగినప్పుడు పెళ్ళి ఉంగరం ఉన్న వేలు కూడా పోతుంది. ఆ వేలు వెతికి, దాని నుంచి ఉంగరం తీసి దాచుకుంటాడు ఆ ఏడేళ్ళ పిల్లాడు. అన్నయ్య పట్టుకుని, ఒళ్ళు జలదరించి అరుస్తాడు. వాడి జవాబు ఏమిటంటే, అది అమ్మ ఇచ్చింది కదా, అందుకే కావాలనిపించింది. అమ్మని వాడు ఎప్పుడూ చూడలేదు. మిగతా ముగ్గురికీ అమ్మ జ్ఞాపకాలున్నాయి, వాళ్ళ మాటల్లో వింటూ పెరిగాడు, తన వంతుగా ఒక్కటీ లేదు. ఆ పుస్తకంలో ఇంత పెద్ద తుఫానుంది, ఇన్ని నీళ్ళున్నాయి, నేను ఏడ్చింది ఆ ఉంగరం దగ్గర.

నచ్చనివి కూడా చెప్తాను. ఉపమానాలు మరీ ఎక్కువ. ఒక్కో పేరాలో నాలుగేసి పోలికలు. జుట్టు ఒకదానిలా, చెమట ఇంకోదానిలా, నీడ మరోదానిలా. కొన్ని అద్భుతంగా ఉంటాయి, పక్కనే ఉన్నవి వాటిని కప్పేస్తాయి. పదిహేనేళ్ళ పిల్ల నోట ఇంత కవిత్వమా అని మొదటి రెండు అధ్యాయాల్లో అనిపించింది. పుస్తకాలు మింగేసే ఒంటరి పిల్ల కదా, లోపల ఇలాగే మాట్లాడుకుంటుందేమో అని సర్దుకున్నాను. మీడియా ప్రస్తావన కూడా మూడు నాలుగు సార్లు అనవసరంగా వస్తుంది, మనకి అప్పటికే తెలిసిపోయాక. మ్యానీ పాత్ర పల్చగా ఉంది. అందగాడు, పిరికివాడు, అంతకు మించి అతని లోపలేముందో తెలియదు. కావాలనే అలా ఉంచిందేమో, ఎందుకంటే ఎష్‌కి కూడా తెలియదు.

సంభాషణలు మిసిసిపీ నల్లజాతివాళ్ళ ఇంగ్లీషులో ఉంటాయి. ఇన్నేళ్ళు టెక్సస్‌లో ఉన్నా నాకు మొదట్లో అడ్డం పడ్డాయి. పైకి చదివితే తేలికయ్యాయి. కంటికి అందనిది చెవికి అందింది. తర్వాత ఆడియో పుస్తకం కూడా విన్నాను, క్లినిక్‌కి వెళ్ళే దారిలో. భాష భయంతో వెనకాడేవాళ్ళు అలా మొదలుపెట్టండి.

పదకొండో రోజు గురించి ఎక్కువ చెప్పను. వరద గురించి నేను చదివినవాటిలో ఇంత నిజంగా రాసింది ఇంకోటి లేదు, హార్వీ రాత్రి మా హాల్లో గోడ అంచు కింద నుంచి నీళ్ళు ఊరడం చూసినదాన్నిగా చెప్తున్నాను. నీళ్ళు తలుపు తోసుకుని రావు. నేల ముందు చల్లబడుతుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ తర్వాతే అది నీళ్ళని తెలుస్తుంది. నవల్లో కూడా అలాగే వస్తాయి. అక్కడ నీళ్ళు అంత తొందరగా పెరగడానికి వెనక ఒక పాత కథ ఉంది, మొదట్లోనే వస్తుంది, తేలిగ్గా తీసేయొద్దు. వాళ్ళ స్థలాన్ని పిట్ అంటారు, గొయ్యి అని. తాత జోసెఫ్ ఒకప్పుడు తెల్లవాళ్ళకి ఇళ్ళ పునాదులకి కావలసిన మట్టిని ఆ స్థలంలోంచే తవ్వుకోనిచ్చాడు, డబ్బు కోసం. తవ్వి తవ్వి పెరడంతా పల్లమైంది, పక్కనున్న వాగు దారి మళ్ళి అందులో నిలిచింది. ఇల్లే కూలిపోతుందేమోనని భయపడి అప్పుడు ఆపాడు. ఎవరి ఇళ్ళు ఎత్తు మీద నిలబడ్డానికి ఎవరి నేల పల్లమైందో వార్డ్ రెండు మూడు వాక్యాల్లో చెప్పి ఊరుకుంటుంది. రెండువందల పేజీల తర్వాత ఆ గొయ్యి నిండుతుంది.

రచయిత్రి స్వయంగా ఆ రోజు డెలిల్‌లోనే ఉంది. అమ్మమ్మ ఇంట్లోకి నీళ్ళొస్తే కుటుంబమంతా బయటపడి, ఎత్తులో ఉన్న ఒక తెల్ల కుటుంబం స్థలం చేరితే, ఇంట్లో చోటు లేదని లోపలికి రానివ్వలేదట. తర్వాత ఇంకెవరో చేరదీశారు. ఈ సంగతి ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పింది. నవల్లో ఆ సంఘటన పెట్టలేదు. పెట్టుంటే తేలిగ్గా కోపం తెప్పించేది. దానికి బదులు నలుగురు పిల్లల్ని, వాళ్ళ నాన్నని అటక మీదికి ఎక్కించి, కప్పు పగలగొట్టించి, నీళ్ళల్లోకి దూకించింది. ఆ నీళ్ళల్లో ఒక క్షణం వస్తుంది. స్కీటా పట్టుకోవలసినవి రెండు ప్రాణాలు, ఒకదాన్ని పట్టుకోవాలంటే ఇంకోదాన్ని వదలాలి. ఏం జరిగిందో ఇక్కడ రాయను. అతను ఏం చేశాడో చదివాక, కుక్కల పందెం అధ్యాయంలో నాకొచ్చిన కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బిగ్ హెన్రీ గురించి మర్చిపోయేదాన్ని. వీళ్ళ ఫ్రెండ్, భారీ మనిషి, ఏది పట్టుకున్నా పగులుతుందేమో అన్నట్టు మెత్తగా పట్టుకుంటాడు. పుస్తకమంతా ఒక పక్కన నిలబడి ఉంటాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆఖరి రోజు, పుట్టబోయే బిడ్డకి తండ్రి లేడన్న మాట వచ్చినప్పుడు ఒక్క వాక్యం అంటాడు. ఆ వాక్యం కోసం రెండోసారి చదవొచ్చు ఈ నవలని.

సీసా పగిలి ఎష్ చెయ్యి తెగడం మొదట్లో చెప్పాను కదా. తుఫాను వెళ్ళాక, పునాదులు మాత్రమే మిగిలిన వీధుల్లో ఆ పిల్ల మళ్ళీ గాజు ముక్కలు ఏరుతుంది. దారానికి కట్టి మంచం పైన వేలాడదీయాలని, చీకట్లో అవి మెరుస్తుంటే ఈ కథ గుర్తుండాలని. ముందుదీ ఇదీ ఒకదానికొకటి కలిసినట్టు రచయిత్రి ఎక్కడా ఎత్తి చూపించదు. మూడోసారి చదివినప్పుడు గానీ నేను గమనించలేదు.

మా అమ్మాయికి ఈ ఏడాది పదిహేను నిండాయి, ఎష్ వయసు. ఇవ్వాలా వద్దా అని చాలా ఆలోచించాను. శృంగారం దాచకుండా ఉంది, ప్రేమ లేని దగ్గర ప్రేమ వెతుక్కునే పిల్ల కథ కాబట్టి అది లేకుండా కుదరదు కూడా. చివరికి ఎనిమిదో రోజు మొదలయ్యే పేజీలో ఒక చీటీ పెట్టి, దీన్ని దాటేసినా ఫర్వాలేదని రాసి ఇచ్చాను. నిన్న రాత్రి పుస్తకం దాని మంచం పక్కన బోర్లించి ఉంది. చీటీ తీసి బల్ల మీద పెట్టింది. దాటకుండా చదువుతోంది.